ప్రాగ్ పాత ఇళ్ల హోటళ్లలో బస: తరచుగా అడిగే ప్రశ్నలు

యూరప్ టూర్‌లో చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ పెట్టుకున్న మనవాళ్లు చాలామంది ఊరి నడిబొడ్డునే, ఏదైనా అందమైన పాత ఇంట్లో ఉండాలనుకుంటారు. మంచి కోరికే. అయితే 400, 500 ఏళ్ల కిందట కట్టిన ఇంటిని హోటల్‌గా మారిస్తే అందులో ఏం ఉంటుందో, ఏం ఉండదో ముందే తెలిసి వెళ్లాలి. మా ఇంట్లో వాళ్లతో రెండుసార్లు అక్కడ ఉన్నాను. ఆ తర్వాత చుట్టాలు, స్నేహితులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

బొటీక్ హోటల్ అంటే అసలు ఏమిటి? మామూలు హోటల్‌కీ దానికీ తేడా ఏమిటి?

పది నుంచి నలభై లోపు గదులు, ఏ గదికి ఆ గది వేరుగా ఉండే అమరిక, రిసెప్షన్‌లో మిమ్మల్ని పేరుతో గుర్తుపట్టే మనుషులు. మాటకు పక్కా నిర్వచనం లేదు కాబట్టి ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. ప్రాగ్‌లో మాత్రం ఇలాంటి హోటళ్లలో చాలావాటికి ఒక సొంత చరిత్ర ఉంటుంది. పాత ఊరంతా 1992 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. అందువల్ల యజమాని ఇష్టం వచ్చినట్టు గోడ కొట్టడానికి, కిటికీ మార్చడానికి వీల్లేదు. రంగులు వేసిన చెక్క దూలాలు, రాతి గుమ్మాలు, అరిగిపోయిన మెట్లు అలాగే మిగిలాయంటే కారణం అదే. లిఫ్టు, ఏసీ లేకపోవడానికీ చాలా చోట్ల అదే కారణం.

ఏ పేటలో తీసుకోవాలి?

రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి. వ్లతావా నదికి కుడి ఒడ్డున స్తారే మ్యెస్తో, అంటే పాత ఊరు. 1410 నాటి ఖగోళ గడియారం ఉన్న చౌక్ అక్కడే. ఎడమ ఒడ్డున కోట కింద మాలా స్త్రానా. రెండింటినీ కలిపేది చార్లెస్ వంతెన. నాలుగో చార్లెస్ చక్రవర్తి 1357లో దానికి శంకుస్థాపన చేశాడు.

నా ఓటు మాలా స్త్రానాకే. పగలు జనం ఉన్నా, రాత్రి తొమ్మిది దాటాక వీధులు సద్దుమణుగుతాయి. 1541లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఈ పేట చాలావరకు కాలిపోయింది. తర్వాత పాత పునాదుల మీదే కొత్త ఇళ్లు కట్టారు. అందుకే నేలమాళిగ ఒక కాలానిది, పై అంతస్తులు మరో కాలానివి అయిన ఇళ్లు ఇక్కడ చాలా కనిపిస్తాయి. పాత ఊళ్లో అయితే అన్నీ నడిచే దూరంలో ఉంటాయి గానీ, ద్లౌహా వీధి చుట్టుపక్కల బార్లు ఎక్కువ. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ఆ వైపు తీసుకోకండి.

ఐదారుగురు కలిసి వెళ్తూ, పెద్ద గదులు, లిఫ్టు తప్పనిసరి అనుకుంటే వినోహ్రాదీ పేట చూడండి. అక్కడి ఇళ్లు ఎక్కువగా 19వ శతాబ్దం చివర కట్టినవి, వీధులు విశాలం. మెట్రోలో కొన్ని స్టేషన్ల దూరమే.

లిఫ్ట్ ఉంటుందా?

నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడగాల్సిన ప్రశ్న ఇదే, కానీ అడిగేవాళ్లే తక్కువ.

మొదటిసారి అమ్మతో వెళ్లినప్పుడు బుకింగ్ పేజీలో లిఫ్ట్ ఉందని చూసి నిశ్చింతగా ఉన్నాను. లిఫ్ట్ నిజంగానే ఉంది, కాకపోతే ముందు భాగంలో. మాకు ఇచ్చిన గది పెరటి వైపు భవనంలో మూడో అంతస్తు. అటు ఉన్నది మెలికలు తిరిగే రాతి మెట్లు మాత్రమే. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నేను పెట్టెలు పెట్టి కిందికి వచ్చేసరికి ఆమె మొదటి మలుపులోనే గోడ పట్టుకుని కూర్చుని ఉంది. మర్నాడు గది మార్చారు. ఆ రాత్రి మాత్రం కిందికి దిగలేక ఆమె భోజనానికి రాలేదు. ఆ తప్పు నాదే, నేను అడగాల్సినట్టు అడగలేదు.

అందుకని లిఫ్ట్ ఉందా అని అడిగి ఊరుకోవద్దు. వీధి గుమ్మం నుంచి నా గది తలుపు దాకా ఎన్ని మెట్లు అని అడగండి. బ్రేక్‌ఫాస్ట్ గదికి ఎన్ని మెట్లు దిగాలో కూడా అడగండి. మధ్యయుగంలో వరదల బెడద తప్పించుకోవడానికి పాత ఊళ్లో వీధుల మట్టాన్ని కొన్ని మీటర్లు పెంచారు. దాంతో ఒకప్పుడు నేలమీదున్న గదులు నేలమాళిగలైపోయాయి. కమానుల కప్పుతో ఎంతో అందంగా ఉండే ఆ గదుల్లోనే కొన్ని హోటళ్లు టిఫిన్ పెడతాయి. లిఫ్ట్ అక్కడిదాకా దిగకపోవచ్చు.

అంతస్తుల లెక్క మన లెక్కే, గ్రౌండ్ ఫ్లోర్ తర్వాతే ఒకటో అంతస్తు. అయితే కొన్ని ఇళ్లలో మధ్యలో మెజనిన్ అని ఒక సగం అంతస్తు ఉంటుంది, దాన్ని లెక్కలో కలపరు. కాబట్టి రెండో అంతస్తు అని రాసి ఉంటే మూడు అంతస్తులు ఎక్కాల్సి రావచ్చు. లిఫ్టును అక్కడ వీతాహ్ అంటారు. ఉన్నచోట కూడా ఇద్దరు మనుషులు, ఒక పెట్టె పట్టేంత ఉంటుంది, అంతే.

డబుల్ బెడ్ అంటే ఒకే మంచమా? పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టుకోవచ్చా?

చాలాచోట్ల రెండు పరుపులను పక్కపక్కన చేర్చి డబుల్ బెడ్ అంటారు. దుప్పట్లు కూడా మనిషికొకటి, విడివిడిగా ఇస్తారు. మధ్యలో సందు ఉంటుంది, పసిపిల్లలు అందులోకి జారతారు. పైన పరిచే ఒకే పలచటి పరుపు ఇవ్వగలరా అని ముందే రాయండి. పసిపిల్లలకు ఊయల మంచం చాలా హోటళ్లు ఇస్తాయి గానీ, గదిలో అది పట్టే చోటు ఉండాలి. ఫొటోలు చూసి గది సైజు అంచనా వేయకండి. చదరపు మీటర్లు ఎన్నో చూడండి. 16 చదరపు మీటర్ల గదిలో రెండు పెద్ద పెట్టెలు తెరిచి పెడితే నడవడానికి దారి ఉండదు.

పైకప్పు కింద అటక గదులు ఫొటోల్లో ముచ్చటగా కనిపిస్తాయి. ఏటవాలు దూలాలకు తల తగులుతుంది, ఎండాకాలం వేడెక్కుతాయి కూడా. పొడుగు మనుషులు వాటి జోలికి పోవద్దు.

ఏసీ ఉంటుందా? చలికాలం తట్టుకోగలమా?

చలి గురించి టెన్షన్ వద్దు. గోడలు మందం, కిటికీలు రెండు వరుసలు, మధ్యలో గాలి, ప్రతి గదిలో హీటర్. గదిలో పల్చటి బట్టలతో ఉండొచ్చు. ఇబ్బంది జూలై, ఆగస్టుల్లోనే. మామూలుగా 25 డిగ్రీల దగ్గర ఉంటుంది, కొన్ని రోజులు 35 దాటుతుంది. ఏసీ బాక్సును వీధి వైపు గోడకు బిగించడానికి వారసత్వ నియమాలు ఒప్పుకోవు కాబట్టి చాలా గదుల్లో ఉండదు. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు ఏసీ ఉన్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి, లేదా ఉత్తరం వైపు, కింది అంతస్తు గది అడగండి.

అదే మందపాటి గోడల వల్ల వైఫై కొన్ని గదులకు సరిగా అందదు. ఆఫీసు పని పెట్టుకుని వెళ్లేవాళ్లు ఈ సంగతి కూడా ముందే అడగడం మంచిది.

రాత్రి నిద్ర పడుతుందా? ట్రాములు, గంటలు, జనం...

వీధి వైపు గది కావాలా, లోపలి వైపు కావాలా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఈ పాత ఇళ్లలో చాలావాటికి మధ్యలో వాకిలి, దాని చుట్టూ వరండాలు ఉంటాయి. వాటిని పావ్లచ్ అంటారు. మన మండువా లోగిలి చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. వాన నీళ్లు పడే ఆ ఖాళీ జాగా వైపు తెరుచుకునే గదుల్లో ఊరి చప్పుడు వినపడదు. కిటికీలోంచి కోట కనిపించదు, నిజమే. రెండు రాత్రులకైతే కోట కనిపించే గది తీసుకోండి, నాలుగు రాత్రులకైతే వాకిలి వైపు గది తీసుకోండి.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం పాటించాలన్నది అక్కడి నియమం. మనకూ వర్తిస్తుంది. అర్ధరాత్రి స్పీకర్‌లో ఇండియాకు వీడియో కాల్ మాట్లాడితే పక్క గదికి వినిపిస్తుంది.

చిరునామా పట్టుకుని తిరిగాం, ఇంటికి రెండు నంబర్లు ఉన్నాయి. ఏది నిజం?

రెండూ నిజమే. ఎర్ర పలక మీదున్నది ఆ పేటలో ఆ ఇంటికి నమోదైన సంఖ్య. నీలం పలక మీదున్నది వీధిలో వరుస సంఖ్య. చిరునామాలో గీతకు అటూ ఇటూ రెండూ రాస్తారు, ముందు ఎరుపు, తర్వాత నీలం. వీధిలో నడుస్తూ వెతికేటప్పుడు నీలం నంబరు చూసుకుంటూ వెళ్లండి.

మరియా తెరీజా మహారాణి పాలనలో, 1770లో ఇళ్లకు నంబర్లు వేశారు. అంతకు ముందు ఇంటిని గుమ్మం మీది బొమ్మతో గుర్తుపట్టేవాళ్లు. మాలా స్త్రానా నుంచి కోటకు ఎక్కే నెరుదోవా వీధిలో ఆ బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి: రెండు సూర్యులు, ఎర్ర గద్ద, బంగారు తాళం చెవి, తెల్ల హంస. మూడు వయొలిన్ల బొమ్మ ఉన్న ఇంట్లో వయొలిన్లు తయారుచేసే కుటుంబం ఉండేది. రెండు సూర్యుల ఇంట్లో చెక్ రచయిత యాన్ నెరుదా నివసించాడు, వీధికి ఆయన పేరే పెట్టారు. ప్రాగ్ హోటళ్ల పేర్లలో 'ఉ' అనే అక్షరం తర్వాత ఏదో జంతువో వస్తువో కనిపిస్తే, అది ఆ పాత ఇంటి గుర్తు పేరే. 'ఉ' అంటే దగ్గర, వద్ద అని. పిల్లలతో వెళ్తే ఒక సాయంత్రం ఈ వీధిలో బొమ్మలు లెక్కపెట్టమనండి. మా అబ్బాయి ఎక్కుతున్నానన్న సంగతే మరిచిపోయి కోట దాకా వచ్చేశాడు.

ఎయిర్‌పోర్ట్ నుంచి ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట మారాలి. వాత్స్‌లావ్ హావెల్ విమానాశ్రయంలో దిగాక 59 నంబరు ట్రాలీబస్సు ఎక్కితే నాద్రాజీ వెలెస్లవీన్ స్టేషన్ వస్తుంది. అక్కడ ఆకుపచ్చ మెట్రో, అంటే ఏ లైన్. మాలా స్త్రానాకైతే మాలోస్త్రాన్‌స్కా స్టేషన్‌లో, పాత ఊరికైతే స్తారోమ్యెస్త్‌స్కాలో దిగండి. 90 నిమిషాల టికెట్ ఒకటి బస్సుకూ మెట్రోకూ ట్రాముకూ చాలు. కాగితం టికెట్ కొంటే పసుపు డబ్బాలో పెట్టి ముద్ర వేయించుకోవడం మరవొద్దు. మామూలు బట్టల్లో ఉండే ఇన్‌స్పెక్టర్లు తనిఖీ చేస్తారు, ముద్ర లేని టికెట్‌కు జరిమానా తప్పదు.

పెద్దవాళ్లు, నాలుగు పెట్టెలు ఉంటే ఇదంతా వద్దు. యాప్‌లో కారు బుక్ చేసుకోండి, లేదా హోటల్ వాళ్లనే పంపమనండి. కొన్ని వీధుల్లోకి కార్లు రానివ్వరు. చివరి వంద మీటర్లు రాళ్ల బాట మీద పెట్టెలు లాగాల్సి వస్తుందేమో అడిగి తెలుసుకోండి. ఆ గుండు రాళ్ల మీద చిన్న చక్రాల పెట్టెలు విరిగిపోతాయి.

వీసాకు హోటల్ బుకింగ్ చూపించాలి కదా, ముందే డబ్బు కట్టేయాలా?

కట్టక్కర్లేదు. ఉచితంగా రద్దు చేసుకునే బుకింగ్ తీసుకోండి. కాకపోతే కాగితం మీద ప్రయాణికులందరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. సైట్లు సాధారణంగా ఒక్కరి పేరే ముద్రిస్తాయి. హోటల్‌కు మెయిల్ రాస్తే అందరి పేర్లతో ఉత్తరం పంపుతారు. చిన్న హోటళ్లు ఈ పని పెద్దవాటికంటే త్వరగా చేస్తాయి.

చెక్ రిపబ్లిక్ 2007 డిసెంబర్ నుంచి షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో ఉంది. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశం వీసాకే దరఖాస్తు పెట్టాలి. రాత్రులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, సెలవుల సీజన్‌లో స్లాట్లు దొరకవు కాబట్టి ముందే కదలండి.

చెక్-ఇన్‌లో పాస్‌పోర్టు ఎందుకు తీసుకుంటారు? బిల్లులో లేని డబ్బు అడిగారు, అది మోసమా?

విదేశీ అతిథుల వివరాలు పోలీసులకు తెలియజేయడం అక్కడ చట్టం. చిన్న ఫారం నింపిస్తారు, పాస్‌పోర్టు చూసి తిరిగి ఇచ్చేస్తారు. అదనంగా అడిగేది నగర పన్ను. 2022 నుంచి ప్రాగ్‌లో మనిషికి రాత్రికి 50 కొరునాలు. 18 ఏళ్ల లోపు వాళ్లకు లేదు. ఆన్‌లైన్‌లో కట్టిన మొత్తంలో ఇది కలిసి ఉండకపోవచ్చు, మోసం ఏమీ కాదు.

చిన్న హోటళ్లలో రాత్రంతా రిసెప్షన్ ఉండదు. మీ విమానం రాత్రి పదికి దిగేదైతే ఆ సంగతి ముందే రాయండి, తలుపు కోడ్ పంపుతారు.

యూరోలు తీసుకెళ్తే సరిపోతుందా?

సరిపోదు. అక్కడి డబ్బు చెక్ కొరునా. కొన్ని దుకాణాలు యూరోలు తీసుకున్నా రేటు వాళ్ల ఇష్టం. హోటళ్లు, రెస్టారెంట్లలో చాలావరకు కార్డు నడుస్తుంది. ఏటీఎంలో మీ రూపాయల్లోకి మార్చి చూపిస్తాం అని అడిగితే వద్దని నొక్కి, కొరునాల్లోనే తీసుకోండి. వీధిలో డబ్బు మారుస్తామని వచ్చేవాళ్లకు ఎంత మర్యాదగా మాట్లాడినా ఇవ్వొద్దు.

మనీ ఎక్స్ఛేంజ్ దుకాణంలో మోసపోయామనిపిస్తే ఒక దారి ఉంది. 2019 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, 1000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోపు రద్దు చేసుకోవచ్చు. రసీదు మాత్రం దగ్గర ఉండాలి. చుట్టాలు చాలామందికి ఇది తెలియక ఊరుకున్నారు.

మేం శాకాహారులం. బ్రేక్‌ఫాస్ట్‌లో ఏం తినగలం?

ఆకలితో ఉండరు. రొట్టెలు, చీజ్, పెరుగు, పళ్లు, ముయెస్లీ, తేనె, జామ్, టమాటాలు, కీరా దొరుకుతాయి. గుడ్డు తింటే ఇంకా సులువు. చిన్న హోటల్‌లో వంటామె ఎదురుగానే ఉంటుంది కాబట్టి ముందురోజు చెబితే వేడిగా ఏదో ఒకటి చేసి పెడుతుంది. మా అత్తయ్య గుడ్డు కూడా తినరని తెలిసి, రెండోరోజు నుంచి ఆమెకు విడిగా మాంసం తగలని గరిటెతో పుట్టగొడుగులు వేయించి తెచ్చారు. ఎవరూ అడగలేదు. పెద్ద హోటల్ బఫేలో ఇది జరగదని నా నమ్మకం.

జాగ్రత్త పడాల్సింది బయట. సూపుల్లో కూరగాయలే కనిపించినా మాంసం కాచిన నీళ్లు వాడతారు. బంగాళదుంప సూపులో కూడా పంది మాంసం ముక్కలు ఉండొచ్చు. బెజ్ మసా అంటే మాంసం లేకుండా అని. మెనూలో బెజ్‌మసా యీద్లా అనే శీర్షిక కింద వెతకండి. అయితే కొందరికి హ్యామ్ (పంది తొడ మాంసం) మాంసం కింద లెక్కకు రాదు, దాని పేరు చెప్పి విడిగా అడగండి. చెక్ వాళ్ల వేయించిన చీజ్, స్మజెనీ సీర్, దాదాపు ప్రతిచోటా ఉంటుంది. వంటకం పక్కన చిన్న అంకెలు ఉంటాయి, అవి అలర్జీ సూచికలు: 1 గోధుమల వంటి గ్లూటెన్, 3 గుడ్డు, 4 చేప, 7 పాలు. గుడ్డు తినని వాళ్లకు 3 అంకె చాలా ఉపయోగపడుతుంది.

రైస్ కుక్కర్ తీసుకెళ్లొచ్చా? గదిలో దీపం పెట్టుకోవచ్చా?

దీపం, అగరుబత్తి, కర్పూరం వద్దు. పొగ అలారం మోగుతుంది. అంతకుమించి, మీ తల మీద ఉన్నది కొన్ని వందల ఏళ్ల చెక్క. పూజ మానక్కర్లేదు, బ్యాటరీ దీపం తీసుకెళ్లండి.

వంట కూడా గదుల్లో ఒప్పుకోరు. వేడి నీళ్ల కెటిల్ ఉంటుంది కాబట్టి ఇన్‌స్టంట్ ఉప్మా, పులిహోర ప్యాకెట్లు పనికొస్తాయి. రోజూ అన్నం లేకపోతే గడవని పెద్దవాళ్లు ఉంటే చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ హోటల్ తీసుకోండి. వాళ్ల అవసరం ముందు పాత ఇంటి అందం ముఖ్యం కాదు. ఆవకాయ మూత గట్టిగా బిగించి తీసుకెళ్లండి, పెట్టెలో పగిలితే అందరి బట్టలూ పోతాయి.

బాత్‌రూమ్‌లో నీళ్ల పైపు ఉంటుందా?

ఉండదు, కాగితమే. చిన్న మగ్గు లేదా ప్రయాణాల్లో వాడే నొక్కే సీసా పెట్టుకోండి. నేల మీద నీళ్లు పోయకండి, షవర్ జాగాలో తప్ప నీళ్లు పోయే దారి ఉండదు, కిందింటి పాత పైకప్పులోకి దిగుతాయి. కుళాయి నీళ్లు మాత్రం నిశ్చింతగా తాగొచ్చు.

మన ఛార్జర్లు పనిచేస్తాయా?

230 వోల్టులే. రెండు గుండ్రటి సన్న పుల్లల ఛార్జర్లు నేరుగా పడతాయి, మూడు పుల్లలవాటికి అడాప్టర్ కావాలి. సాకెట్‌లో బయటికి పొడుచుకొచ్చిన ఒక పుల్ల ఉంటుంది, దానికి చిల్లు ఉన్న అడాప్టరే కొనండి.

నది పక్క హోటల్, వరద భయం లేదా?

2002 ఆగస్టులో పెద్ద వరద వచ్చి కాంపా ద్వీపం, మాలా స్త్రానా దిగువ భాగం, మెట్రో కూడా మునిగాయి. ఆ తర్వాత ఊరికి అవసరమైనప్పుడు బిగించి, తర్వాత తీసేసే అడ్డుగోడలు ఏర్పాటు చేశారు. మామూలు రోజుల్లో భయపడాల్సింది ఏమీ లేదు.

ఏ నెలలో వెళ్లాలి?

మే లేదా సెప్టెంబర్ చివర. నవంబర్ చివర్లో మొదలయ్యే క్రిస్మస్ సంతలు చూడాలనుకుంటే వెళ్లండి గానీ, గదులు ముందే నిండిపోతాయి, సాయంత్రం నాలుగుకే చీకటి పడుతుంది. జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి దాకా గదులు చవక. మంచు పడ్డ రాళ్ల మీద జారుతుంది కాబట్టి పట్టు ఉన్న బూట్లు తప్పనిసరి.

టిప్ ఎంత?

రెస్టారెంట్‌లో నచ్చితే బిల్లులో సుమారు పదో వంతు. డబ్బు ఇచ్చేటప్పుడే మొత్తం ఎంత తీసుకోమంటారో చెప్పాలి, బల్ల మీద వదిలి వెళ్లరు. హోటల్‌లో పెట్టెలు మోసినవాళ్లకు కొంత ఇవ్వండి, మూడు అంతస్తులు మోస్తే ఎక్కువ ఇవ్వండి.

ఖాళీ చేసేది 11 గంటలకి, రైలు సాయంత్రం. ఆ రోజు ఏం చేయాలి?

పెట్టెలు రిసెప్షన్‌లో ఉంచుకోనిస్తారు, సాధారణంగా డబ్బు అడగరు. వియన్నా రైలుకు నాలుగు గంటల ప్రయాణం, డ్రెస్డెన్‌కు రెండున్నర గంటలు. రెండూ హ్లావ్నీ నాద్రాజీ, అంటే ప్రధాన రైల్వే స్టేషన్ నుంచే బయల్దేరతాయి.

ఆ రోజు పొద్దున్నే ఆరింటికి లేవమని చెబుతాను. ఊరి నడుమ గది తీసుకున్నందుకు దక్కేది ఆ ఒక్క గంటే. 516 మీటర్ల చార్లెస్ వంతెన మీద పగలు తోసుకుంటూ నడవాల్సి వస్తుంది. ఆరింటికి ముప్పై విగ్రహాలు, నది మీది మంచు, ఎక్కడో చీపురుతో ఊడ్చే చప్పుడు తప్ప ఏమీ ఉండవు. దూరంగా ఉండేవాళ్లు మొదటి ట్రాము పట్టుకుని రావాలి. మీరైతే చెప్పులు వేసుకుని ఐదు నిమిషాల్లో వెళ్లొచ్చు, టిఫిన్ మొదలయ్యే ఏడింటికి తిరిగి వచ్చేయొచ్చు. గది మార్చాక అమ్మ వరుసగా మూడు రోజులు ఆ వంతెన మీదికి నడిచి వెళ్లింది, మధ్యలో ఎక్కడా కూర్చోకుండా.